రక్తం తీసే సూది, సెలైన్ ఎక్కించే గొట్టం

ఆసుపత్రిలో చేతి నరంలోకి సూది గుచ్చేది ప్రధానంగా రెండు అవసరాలకు. ఒకటి పరీక్షకు రక్తం తీయడం, రెండోది సెలైనూ మందులూ ఎక్కించడానికి కాన్యులా పెట్టడం. పైపైన చూస్తే రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి. చేతికి రబ్బరు పట్టీ కడతారు, వేలితో తడిమి నరం వెతుకుతారు, స్పిరిట్ దూదితో తుడిచి సూది దించుతారు. అయితే మొదటి పనిలో రక్తం బయటికి రావాలి, రెండు మూడు నిమిషాల్లో సూది తీసేయాలి. రెండో పనిలో ద్రవం లోపలికి వెళ్లాలి, అందుకు వేసిన దారి రోజుల తరబడి తెరిచే ఉండాలి. ఎక్కడ గుచ్చాలి, ఎంత లావు సూది వాడాలి, గుచ్చాక ఏం చేయాలి, పొరపాటు జరిగితే నష్టం ఏ రూపంలో బయటపడుతుంది అనేవన్నీ ఈ రెండు తేడాల మీదే ఆధారపడతాయి.

సిరనే ఎందుకు?

వాడుకలో నరం అనేదాన్ని వైద్యశాస్త్రం సిర అంటుంది. గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్లే ధమనులు ఎక్కువగా లోతున ఉంటాయి. వాటి గోడలు మందం, లోపలి ఒత్తిడీ ఎక్కువే. గుండెకు రక్తాన్ని తిరిగి చేర్చే సిరల్లో చాలా వాటిని చర్మం కిందే చూడవచ్చు. వాటి గోడలు పలచన, ఒత్తిడి తక్కువ. అందువల్ల సూది తేలిగ్గా దిగుతుంది, తీశాక కాసేపు నొక్కి పట్టుకుంటే రక్తం ఆగిపోతుంది.

పైన కట్టే పట్టీ ఈ ఒత్తిళ్ల తేడాను వాడుకుంటుంది. అది సిరను మూసేంత గట్టిగా, ధమనిని మూయనంత వదులుగా ఉండాలి. అప్పుడు చేతిలోకి రక్తం వస్తూనే ఉంటుంది గానీ వెనక్కి పోలేక సిరలు ఉబ్బుతాయి. పట్టీ కట్టాక మణికట్టు దగ్గర నాడి అందకపోతే మరీ బిగించినట్టే. ఉబ్బిన సిర పొడవునా అక్కడక్కడా చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అవి రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు. ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వీ 1628లో వెలువరించిన గ్రంథంలో, చేతికి పట్టీ కట్టి ఈ బుడిపెల దగ్గర సిరను వేలితో నొక్కి చూపించి, రక్తం గుండె వైపే ప్రవహిస్తుందని నిరూపించాడు. ఇప్పటికీ సూది వేసేవారు ఈ బుడిపెలను తప్పించే గుచ్చుతారు. రక్తం తీసేటప్పుడు కవాటం అడ్డుపడితే ధార ఆగిపోతుంది. కాన్యులా అయితే ముందుకు జరగనే జరగదు.

అంకె పెరిగితే సన్నం

సూదుల లావును గేజ్‌లో చెబుతారు. ఇనుప తీగల కొలత నుంచి వచ్చిన ఈ పద్ధతిలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. పెద్దవారి నుంచి రక్తం తీయడానికి సాధారణంగా 21 గేజ్ సూది వాడతారు. దాని బయటి వ్యాసం 0.8 మిల్లీమీటర్లు. సన్నటి సిరలకు 23 గేజ్, అంటే 0.6 మిల్లీమీటర్ల సూదిని, రెండు రెక్కలూ సన్నటి గొట్టమూ ఉన్న బటర్‌ఫ్లై రూపంలో వాడతారు.

కాన్యులాకు ప్లాస్టిక్ చివర రంగే గుర్తు. 24 గేజ్ పసుపు, 22 నీలం, 20 గులాబీ, 18 ఆకుపచ్చ, 16 బూడిద, 14 నారింజ. మామూలు సూదుల రంగుల పట్టిక వేరు. అక్కడ ఆకుపచ్చ అంటే 21 గేజ్, గులాబీ అంటే 18. ఒకే రంగు రెండు చోట్లా రెండు కొలతలను సూచిస్తుంది కాబట్టి, వార్డులో పనిచేసేవారు రంగుతో పాటు అది సూదా, కాన్యులానా అన్నది కూడా చూసుకోవాలి.

గొట్టం లావుకు, ప్రవాహానికి ఉన్న సంబంధాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త పాజాయి 1840లలో సూత్రీకరించాడు. ఒత్తిడి మారకుండా గొట్టం లోపలి వ్యాసార్ధం రెట్టింపైతే ప్రవాహం 16 రెట్లు పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే ప్రవాహం సగమవుతుంది. తయారీదారులు చెప్పే లెక్క ప్రకారం 18 గేజ్ కాన్యులా గుండా నిమిషానికి సుమారు 90 మిల్లీలీటర్లు, 20 గేజ్ గుండా 60, 22 గేజ్ గుండా 36 మిల్లీలీటర్లు వెళ్తాయి. రోడ్డు ప్రమాదంలో చాలా రక్తం పోయినవారికి లావైన, పొట్టి కాన్యులాలు రెండు చేతులకూ పెట్టడం ఇందుకే. మెడలోని పెద్ద సిరలోకి వేసే పొడవాటి గొట్టం కంటే చేతికి వేసిన లావు కాన్యులాలోంచే ద్రవం వేగంగా ఎక్కుతుంది.

అంత తొందర లేనప్పుడు లెక్క తిరగబడుతుంది. సిర నిండా ఇరుక్కునే కాన్యులా దాని గోడలను ఒరుసుకుంటుంది. మందును పలచబరచడానికి చుట్టూ రక్తం ప్రవహించే జాగా మిగలదు. అందుకే అవసరానికి సరిపోయే వాటిలో అన్నిటికంటే సన్నటి కాన్యులాను ఎంచుకోవాలన్నది నియమం. రక్తం తీసే సూదికి ఈ చింత లేదు. అది మరీ సన్నగా ఉంటే ఎర్రరక్తకణాలు చితికిపోతాయి, లావుగా ఉంటే నొప్పి పెరుగుతుంది. ఈ రెంటికీ మధ్య కొలత 21 గేజ్.

మోచేతి మడతా, ముంజేయా?

రక్తం తీయడానికి మొదట చూసేది మోచేతి మడత. అక్కడ మధ్యలో ఉండే మీడియన్ క్యూబిటల్ సిర లావుగా ఉంటుంది, పక్కకు జారదు, గుచ్చితే నొప్పీ తక్కువే. అది దొరక్కపోతే బొటనవేలి వైపు ఉండే సెఫాలిక్ సిర చూస్తారు. చిటికెన వేలి వైపు ఉండే బేసిలిక్ సిరను చివరికి వదిలేస్తారు. దానికి దగ్గరలోనే చేతి ప్రధాన ధమని, మీడియన్ నాడి (నెర్వ్) ఉంటాయి. సూది దిగుతుండగా వేళ్లలోకి షాక్ కొట్టినట్టు జివ్వుమంటే నాడి తగిలిందని గుర్తు. అప్పుడు సూదిని వెంటనే తీసేయాలి, అక్కడే అటూ ఇటూ కదపకూడదు.

రెండు నిమిషాల పనికి ఇంత అనువైన చోటు, రోజుల తరబడి ఉండాల్సిన కాన్యులాకు పనికిరాదు. చెయ్యి మడిచిన ప్రతిసారీ ప్లాస్టిక్ గొట్టం వంగుతుంది, డ్రిప్ ఆగుతుంది, గొట్టం కొన సిర గోడకు రాసుకుంటుంది. అందుకే కాన్యులాకు ముంజేయి మంచిది. అక్కడి రెండు ఎముకలే దానికి దన్నుగా నిలుస్తాయి. చేతి వెనుక వైపు సిరలు సులువుగా కనిపిస్తాయి గానీ అక్కడ నొప్పి ఎక్కువ, రోగి పనులకూ అడ్డం. ఏ చేత్తో తింటారో, రాస్తారో ఆ చేతిని వీలైనంతవరకు వదిలేస్తారు.

కాన్యులాకు ఇంకో నియమం ఉంది. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. సిరలో రక్తం పైకి ప్రవహిస్తుంది. మోచేతి దగ్గర ఒకసారి ప్రయత్నించి విఫలమై, అదే సిరలో కింద మణికట్టు వైపు కాన్యులా పెడితే, ఎక్కించిన మందు పైకి వెళ్తూ పాత రంధ్రంలోంచి కండలోకి కారవచ్చు. రక్తం తీయడంలో లోపలికి పంపేది ఏమీ లేదు కాబట్టి ఈ క్రమం అక్కర్లేదు.

పట్టీ కట్టి ఉంచే సమయం

రక్తం తీసేటప్పుడు పట్టీని ఒక్క నిమిషానికి మించి ఉంచకూడదు. ఆగిపోయిన రక్తంలోంచి నీరు మెల్లగా సిర బయటికి ఊరుతుంది. కణాలు, ప్రొటీన్లు, వాటిని అంటిపెట్టుకున్న కాల్షియం లోపలే మిగిలి చిక్కబడతాయి. అప్పుడు రిపోర్టులో ఉన్నదానికంటే ఎక్కువ అంకె వస్తుంది. నరం దొరకడం లేదని రోగి చేత పదేపదే పిడికిలి బిగించి విప్పించడం మన దగ్గర బాగా అలవాటు. అలా చేస్తే ముంజేతి కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి వచ్చి దాని అంకె పెరుగుతుంది. కాన్యులాకు ఈ ఇబ్బంది ఉండదు. పట్టీ కాస్త ఎక్కువసేపు ఉంచవచ్చు, చేతిని మంచం పక్కకు వేలాడేయవచ్చు, వెచ్చటి గుడ్డ వేసి సిర ఉబ్బేలా చేయవచ్చు.

చర్మం శుభ్రం చేయడంలో కాన్యులాకే పట్టింపు ఎక్కువ. రక్తం తీయడానికి 70 శాతం ఆల్కహాల్ దూది చాలు. కాన్యులా చర్మానికీ రక్తానికీ మధ్య రోజుల పాటు తెరిచి ఉండే దారి కాబట్టి, ఆల్కహాల్‌లో కలిపిన క్లోర్‌హెక్సిడిన్ మేలు. బ్యాక్టీరియా కోసం చేసే బ్లడ్ కల్చర్‌కు మాత్రం రక్తం తీసేటప్పుడూ ఇంత జాగ్రత్తా కావాలి. చర్మం మీది సూక్ష్మజీవి సీసాలో పడితే, రోగికి లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలుతుంది. రెండింటిలోనూ తుడిచిన చోటు దానంతటదే ఆరాలి, మళ్లీ వేలితో తడమకూడదు.

రక్తం కనిపించిన తర్వాత

అసలైన నైపుణ్యం తేడా ఇక్కడే ఉంది. రక్తం తీసేవారు సూది వాలును పైకి ఉంచి, చర్మానికి 30 డిగ్రీలకు మించకుండా గుచ్చుతారు. కొన సిరలో పడి రక్తం రావడంతో గుచ్చే పని అయిపోయినట్టే. ఆ తర్వాత చెయ్యి కదలకుండా పట్టుకుని గొట్టాలు నింపడమే.

కాన్యులా రెండు పొరల సాధనం. మధ్యలో ఉక్కు సూది, దాని మీద తొడుగులా ప్లాస్టిక్ గొట్టం. అమెరికాలోని మేయో క్లినిక్‌లో మత్తు వైద్యం నేర్చుకుంటున్న డేవిడ్ మాసా 1950లో ఈ పద్ధతికి రూపమిచ్చాడు. ఇందులో సూది కొన ప్లాస్టిక్ అంచు కంటే కొద్దిగా ముందుకు పొడుచుకుని ఉంటుంది. కాబట్టి వెనుక గదిలో రక్తం మెరిసే సమయానికి సూది మాత్రమే సిరలో ఉంటుంది, ప్లాస్టిక్ ఇంకా బయటే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రక్తం కనిపించగానే ప్లాస్టిక్‌ను తోస్తే అది సిర గోడకు తగిలి ముడుచుకుంటుంది. అదే వాలుతో సూదిని ఇంకా లోపలికి పంపితే సిర అవతలి గోడ చిల్లుపడి చర్మం కింద రక్తం ఉబ్బుతుంది.

అనుభవం ఉన్న నర్సు రక్తం మెరవగానే సూదిని చర్మానికి దాదాపు ఆనేలా వాలుస్తుంది. సిర దారిలోనే మరో రెండు మిల్లీమీటర్లు ముందుకు జరుపుతుంది. ఆ తర్వాత సూదిని కదలనివ్వకుండా ప్లాస్టిక్‌ను మాత్రం లోపలికి జార్చుతుంది. సూదికీ ప్లాస్టిక్‌కూ మధ్య సన్నగా రక్తపు చార కనిపిస్తే గొట్టమూ సిరలోకి చేరినట్టే. అప్పుడు పట్టీ విప్పి, గొట్టం కొన ఉన్నచోట చర్మం పైనుంచి వేలితో అదిమి, సూదిని బయటికి లాగి, మూత బిగిస్తుంది. ఈ క్రమంలో తప్పించుకోలేని నిషేధం ఒకటుంది. ఒకసారి వెనక్కి లాగిన సూదిని మళ్లీ ప్లాస్టిక్‌లోకి తోయకూడదు. పదునైన కొన ప్లాస్టిక్‌ను కోస్తే ఆ ముక్క రక్తంతో పాటు గుండె వైపు కొట్టుకుపోతుంది.

రెండుసార్లు ప్రయత్నించినా కుదరకపోతే మరో అనుభవజ్ఞుణ్ని పిలవాలన్నది చాలా ఆసుపత్రులు పాటించే పద్ధతి. సిరలు దొరకని రోగులకు అల్ట్రాసౌండ్, పరారుణ కాంతితో సిరల జాడ చూపే పరికరాలు సాయపడతాయి.

రక్తం తీయడంలో తప్పు రిపోర్టులో తేలుతుంది

పెద్ద మనిషి ఒంట్లో ఐదు లీటర్ల వరకు రక్తం ఉంటుంది. మామూలు పరీక్షలకు తీసేది 5 నుంచి 10 మిల్లీలీటర్లే. కాబట్టి సీసాలు సీసాలు లాగేస్తున్నారన్న బెంగకు అర్థం లేదు. ఆ కొద్ది రక్తం ఒంట్లో ఉన్నప్పటిలాగే ల్యాబ్‌కు చేరడం ముఖ్యం.

రంగు మూతల గొట్టాల్లో వేర్వేరు రసాయనాలు ఉంటాయి. ఊదా మూతలో గడ్డకట్టనివ్వని ఈడీటీఏ, నీలం మూతలో సిట్రేట్, బూడిద మూతలో చక్కెర తరిగిపోకుండా ఆపే ఫ్లోరైడ్. వీటిని నింపడానికీ ఒక వరుస ఉంది. కల్చర్ సీసాలు ముందు, తర్వాత నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద. గొట్టాల్లోని ఈడీటీఏ పొటాషియం లవణం, పైగా అది కాల్షియాన్ని పట్టేస్తుంది. ఊదా గొట్టం తర్వాత ఎరుపు గొట్టం నింపితే, అంటుకున్న చుక్క వల్ల పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనిపించవచ్చు. నీలం గొట్టంలో ఒక వంతు సిట్రేట్‌కు తొమ్మిది వంతుల రక్తం కచ్చితంగా పడాలి. సగం నింపితే గడ్డకట్టే సమయం తప్పుగా తేలుతుంది. గాలి తీసేసిన వాక్యూమ్ గొట్టం తనకు కావలసినంత రక్తాన్నే లాక్కుంటుంది కాబట్టి ఈ కొలత తప్పే అవకాశం తగ్గుతుంది.

సిరంజి పిడిని బలంగా లాగినా, తీసిన రక్తాన్ని సూది గుండానే గొట్టంలోకి చిమ్మినా ఎర్రకణాలు పగులుతాయి. కణం లోపల పొటాషియం, చుట్టూ ఉన్న ప్లాస్మాలో కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. కొన్ని కణాలు పగిలినా అంకె ప్రమాదకరంగా కనిపిస్తుంది. ల్యాబ్ నుంచి శాంపిల్ మళ్లీ పంపమని కబురు రావడానికి ఇదొక ముఖ్య కారణం.

కాన్యులాలో తప్పు చేతిలో తేలుతుంది

కాన్యులా పెట్టాక అసలు కాపలా మొదలవుతుంది. పారదర్శకమైన అంటుపట్టీ వేసి, తేదీ రాసి, 0.9 శాతం సెలైన్ కొద్దిగా పంపి చూస్తారు. సాఫీగా వెళ్లి, చుట్టూ ఉబ్బకపోతే సరైన చోట ఉన్నట్టు. మందు ఇచ్చిన ప్రతిసారీ ఇలా కడగకపోతే గొట్టంలో రక్తం గడ్డకడుతుంది.

కాన్యులా జారిపోయి సెలైన్ కండలోకి వెళ్తే చెయ్యి చల్లగా, బిగుతుగా ఉబ్బుతుంది. కొన్ని క్యాన్సర్ మందులు, నార్‌అడ్రినలిన్, కాల్షియం, గాఢమైన డెక్స్‌ట్రోస్ వంటివి అలా కారితే ఆ చోట కండ కుళ్లిపోయే ప్రమాదం ఉంది. సిర గోడ వాచితే పైన ఎర్రటి గీత, మంట, తాడులా గట్టిపడిన నరం కనిపిస్తాయి. దీన్ని ఫ్లెబైటిస్ అంటారు. వీటిలో ఏది కనిపించినా డ్రిప్ ఆపి కాన్యులా తీసేయించాలి. పూర్వం ఏ ఇబ్బంది లేకపోయినా మూడు నాలుగు రోజులకు ఒకసారి మార్చేవారు. ఆస్ట్రేలియాలో జరిగిన పెద్ద పరిశీలన 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అవసరం పడినప్పుడే మార్చినా ఫ్లెబైటిస్ పెరగలేదని అది తేల్చింది. అయితే రోజూ కాన్యులా చోటును చూసే ఏర్పాటు ఉన్న చోటే ఈ పద్ధతి సురక్షితం. మందులు ఆగిపోయాక కాన్యులాను ఊరికే ఉంచడం ఎక్కడైనా తప్పే.

బాటిల్ అయిపోయినప్పుడు గొట్టంలోకి రక్తం ఎక్కితే రోగి బంధువులు కంగారు పడతారు. మీటరు ఎత్తున వేలాడే ద్రవం సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసానికి సమానమైన ఒత్తిడి ఇస్తుంది. చేతి సిరలో ఒత్తిడి దానికంటే చాలా తక్కువ. బాటిల్ ఖాళీ అయినా, బాటిల్‌ను చేతి ఎత్తుకు దించినా ఆ తేడా పోయి రక్తం వెనక్కి వస్తుంది. అందులో పెద్ద ప్రమాదం లేదు గానీ, వెంటనే సిస్టర్‌కు చెప్పకపోతే కాన్యులా మూసుకుపోతుంది.

ఉన్న కాన్యులాలోంచే రక్తం తీస్తే?

మళ్లీ గుచ్చడం ఎందుకు, ఉన్నదాంట్లోంచే తీయండి అని చాలామంది రోగులు అడుగుతారు. అప్పుడే పెట్టిన కాన్యులా నుంచి, ఇంకా ఏ ద్రవమూ ఎక్కించకముందు రక్తం తీయవచ్చు. అత్యవసర విభాగాల్లో అలాగే చేస్తారు. అయితే మెత్తటి ప్లాస్టిక్ గుండా లాగినప్పుడు కణాలు పగిలే అవకాశం సూది కంటే ఎక్కువ.

డ్రిప్ మొదలయ్యాక లెక్క పూర్తిగా మారుతుంది. ఐదు శాతం డెక్స్‌ట్రోస్ అంటే 100 మిల్లీలీటర్లలో 5,000 మిల్లీగ్రాముల చక్కెర. చక్కెర 100 ఉన్న రోగి శాంపిల్‌లో పదో వంతు ఆ ద్రవం కలిసినా రిపోర్టులో 590 వస్తుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇస్తే రోగి ప్రాణానికే ముప్పు. మామూలు సెలైన్ కలిస్తే క్లోరైడ్ పెరుగుతుంది, హిమోగ్లోబిన్ తగ్గుతుంది. అందువల్ల రెండో చేతి నుంచి తీయడమే సరైన పద్ధతి. అది వీలుకాకపోతే డ్రిప్‌ను కనీసం రెండు నిమిషాలు ఆపి, కాన్యులాకు కింది వైపు నుంచి తీసి, మొదటి కొన్ని మిల్లీలీటర్లు పారేయాలి.

కొందరికి కొన్ని మినహాయింపులు

అప్పుడే పుట్టిన పిల్లలకు చాలా పరీక్షలకు సిర అక్కర్లేదు. మడమ పక్కన చిన్న గాటు పెట్టి చుక్కలు తీసుకుంటారు. కాన్యులాకు మాత్రం సిర తప్పదు. 24, 26 గేజ్‌లు వాడతారు, ఒక్కోసారి తల మీది సిర ఎంచుకుంటారు.

కిడ్నీలు దెబ్బతిన్నవారికి తర్వాత డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేయాల్సి రావచ్చు. అంతకుముందే కాన్యులాలతో మచ్చలు పడిన సిర అందుకు పనికిరాదు. కాబట్టి వారికి ముంజేతిని కాపాడి, రక్తమైనా సెలైనైనా చేతి వెనుక వైపు నుంచే చూస్తారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాల్లో ఈ జాగ్రత్తకు మరింత విలువ ఉంది. ఫిస్టులా ఉన్న చేతికి పట్టీ కట్టకూడదు, సూదీ కాన్యులా రెండూ నిషేధమే. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసినవారికి ఆ వైపు చేతిని వీలైనంతవరకు తప్పిస్తారు.

రక్తదానం ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. దిశ రక్తం తీయడానిదే గానీ, కావలసింది 350 లేదా 450 మిల్లీలీటర్లు. అందుకే 16 గేజ్ లావు ఉక్కు సూదిని మోచేతి మడతలోనే గుచ్చి, పది నిమిషాల లోపు పని ముగిస్తారు. దాత అంతసేపు చెయ్యి చాచి కదపకుండా ఉంటాడు కాబట్టి ప్లాస్టిక్ గొట్టం అవసరం రాదు.

తీసేటప్పుడు పాటించాల్సింది మాత్రం రెంటికీ ఒకటే. ముందు పట్టీ విప్పి ఉండాలి, సూది లేదా గొట్టం పూర్తిగా బయటికి వచ్చాకే పొడి దూదితో నొక్కాలి. రక్తం తీశాక మోచెయ్యి మడిచి దూదిని ఇరికించుకోవడం మంచి అలవాటు కాదు. మడిచినప్పుడు రంధ్రం మీద సరైన ఒత్తిడి పడదు, చాచగానే మళ్లీ రక్తం కారి చర్మం కింద కమిలిపోతుంది. చెయ్యి చాచి ఉంచి రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకుంటే చాలు. రక్తం పలచబడే మందులు వాడేవారు ఇంకొంచెం ఎక్కువసేపు నొక్కాలి. కాన్యులా తీశాక దాని కొన విరగకుండా పూర్తిగా ఉందో లేదో చూసుకోవాలి. ఆ చోట ఎరుపు, నొప్పి, గట్టిదనం తర్వాతి రోజుల్లోనూ బయటపడవచ్చు. అలా కనిపిస్తే మళ్లీ డాక్టర్‌కు చూపించాలి.